లోతైన బోర్లన్నిటా నీళ్ళు పడవు

మా అనంతపురంలో బోరు వేయించిన రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు: లోతుకు పోయినంత మాత్రాన నీళ్ళు పడవు. పక్క పొలంలో మూడు వందల అడుగులకే జల పడితే, మన పొలంలో వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేవవచ్చు. ఇంత అనుభవమున్న నేల మీద పుట్టీ, హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు మాత్రం "బేసు ఎంత ఉంది?" అన్న ఒక్క ప్రశ్నతో బేరం ముగిస్తున్నాం. పెట్టె మీద "డీజే" అన్న రెండక్షరాలు కనబడితే ఇక ఆ ప్రశ్న కూడా వేయం. నా ఫిర్యాదంతా ఈ వెర్రి మీదే.

మా మేనల్లుడు పెళ్ళిళ్ళకూ, వినాయకుని ఊరేగింపులకూ డీజే పెడతాడు. తాను వాడే రకమే నాకూ ఒకటి తెచ్చిచ్చి, "మామా, బేసు సూడు, గుండెల్లో కొట్టినట్ల ఉంటాది" అన్నాడు. అబద్ధం కాదు. ఆ రాత్రి వీణ కచేరీ పెట్టుకుంటే మృదంగపు తొప్పి గుండెల్లోనే కొట్టింది. వీణ మాత్రం పక్కింట్లో మోగుతున్నట్టుంది. తంబురా ఉన్నదో లేదో తెలియలేదు. అరగంటకు చెవులు చెమటతో తడిసి, తీసి పక్కన పెట్టాను.

తప్పు ఆ పనిముట్టుది కాదు. ఎదుట స్పీకర్లు హోరెత్తుతుండగా, జనానికి ఇంకా వినిపించని తరువాతి పాటను ముందుగా తానొక్కడే విని, దాని దరువును నడుస్తున్న పాట దరువుతో కలపడం డీజే పని. కాబట్టి అతని హెడ్‌ఫోన్లు చెవులను గట్టిగా పట్టి బయటి హోరును ఆపాలి. దరువు దెబ్బ స్పష్టంగా తెలియాలి. ఒక్క చెవితో వినేందుకు వీలుగా గిన్నె పక్కకు తిరగాలి. తీగ పాడైతే తీగనే మార్చుకోగలగాలి. 1988లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 25ను డీజేలు నేటికీ వదలకపోవడానికి కారణాలివే. వెల్డింగు చేసేవాడికి నల్లద్దం ఎలాంటిదో, డీజేకు అది అలాంటిది. ఆ అద్దం పెట్టుకొని ఇంట్లో పుస్తకం చదువుతామా?

ఇంట్లో అడ్డుకోవలసిన హోరు లేదు. అక్కడ కావలసింది వెనుక జాలీ ఉండి గాలి ఆడే ఓపెన్ బ్యాక్ రకం. 1968లో హెచ్‌డీ 414తో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చిందీ ఆ సెన్‌హైజరే. 1997 నాటి హెచ్‌డీ 600 అదే దారిలోది. వీటిలో పాట తలలో ఇరుక్కున్నట్టు కాక, కాస్త ఎడంగా మోగినట్టుంటుంది. మా ఎండలకు తోలు దిండ్లకన్నా మఖమలు దిండ్లే నయం. అయితే హెచ్‌డీ 600 నిరోధం 300 ఓములు. నేరుగా ఫోనుకు తగిలిస్తే నీరసంగా పలకవచ్చు. ఆంప్లిఫయరు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

"ఒకే గదిలో నలుగురుంటాం, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, జాలీ రకం ఎలా కుదురుతుంది?" అంటారా? ఒప్పుకుంటాను. అప్పుడు మూసిన రకమే కొనండి, కాని బేసు ఎక్కించనిది కొనండి.

ఇది రుచుల తగాదా మాత్రమే కాదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ చప్పుడులో 8 గంటలకు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ గడువు సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఏ ఊరేగింపు 15 నిమిషాల్లో ముగుస్తుంది? హోరును బాగా ఆపే హెడ్‌ఫోన్లుంటే మా వాడు శబ్దం పెంచనక్కరలేదు. అతనికి అవి నిజంగా అవసరం. నాకు జరిగేది తలకిందులు: బేసు కింద మునిగిన గొంతును వెదుక్కుంటూ నేనే శబ్దం పెంచుతాను. లోపలి చెవిలో చచ్చిన కణాలు ఒక వాన పడితే చిగిర్చే గరిక కాదు.

చప్పుడంటే నాకు గిట్టదనుకోకండి. ఉరుముల నృత్యం ఆడే జిల్లా మాది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఊరేగింపులో మోగవలసినదాన్ని తెచ్చి ఇంట్లో చెవుల మీద పడేసుకోవద్దంటున్నాను, అంతే. అంగడివాడు బేసు పాట పెట్టబోతే ఆపండి. మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి పెట్టించుకోండి. తంబురా వినబడకపోతే, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా, అక్కడే ఇచ్చేసి రండి.