చిన్న ఊళ్ల వరుస ఖాళీయా?

ఇష్టమైన నగరాలను పరిమాణాన్ని బట్టి పేర్చిన గత సంచిక వ్యాసం లండన్, సింగపూర్‌ల దగ్గరే ఆగింది. చిన్న ఊళ్ల వరుసకు తాండూరు తగినదే. 2011 జనగణనలో దాని జనాభా సుమారు 65 వేలు. ఇక్కడి నాపరాయి పాలిష్ పట్టాక నీలం, పసుపు బండలుగా ఇళ్లకు చేరుతుంది. ఎండాకాలంలో దాని చల్లదనం చెప్పులు విడిచి నడిచినవారికే తెలుసు. కోత యంత్రాల దుమ్ము మాత్రం ఊరిని వదలదు, అది ఒప్పుకోవలసిందే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

వికారాబాద్ ఇంకా చిన్నది. 2016లో జిల్లా కేంద్రమైనా, పాత పేరు రైల్వే జంక్షన్‌గానే. వాడి, పర్లి దారులు అక్కడే చీలతాయి. పక్కనే అనంతగిరి. హైదరాబాద్ నడుమ పారే మూసీ పుట్టింది ఆ గుట్టల్లోనే. క్షయ రోగులకు శానిటోరియం కట్టిందీ అక్కడే.