మూడు మాటలు బిల్లు మీద రాయని నర్సరీ మనకొద్దు



తొలకరి పడితే చాలు, ఫోన్ తెరిచినప్పుడల్లా మొక్కల ప్రకటనలే. మోకాలెత్తు మొక్కకు గంపెడు కాయలు, కింద ఒక నంబరు, "అడ్వాన్స్ వేయండి, మీ ఊరికే పార్శిల్ పంపుతాం" అని ఒక మాట. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నుంచి చానామంది అడుగుతాండారు, "అన్నా, ఇట్లాంటి నర్సరీలను నమ్మొచ్చా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే నా అభిప్రాయం ఇక్కడ రాస్తాండా.

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: మొక్క ఏ రకం, ఏ వేరు మీద అంటు కట్టినారు, కన్ను ఏ తల్లి చెట్టు నుంచి తీసినారు, ఈ మూడూ బిల్లు మీద రాసిచ్చే నర్సరీనే నమ్మాల. రాయనంటే రేటు ఎంత తక్కువైనా, ఫోటో ఎంత బాగున్నా వదిలేయాల.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తాండానంటే, విత్తనం సంగతి వేరు, చెట్టు సంగతి వేరు. శనగ విత్తనం చెడిపోతే ఒక పంట పోతుంది, మళ్లా ఏడు సర్దుకుంటాం. చీనీ చెట్టు సరిగ్గా కాపుకు రావాలంటే నాలుగైదేండ్లు పడుతుంది. ఆరు మీటర్ల దూరంతో నాటితే ఎకరాకు 110 మొక్కల దాకా పడతాయి. వాటికి నాలుగైదేండ్లు బోరు నీళ్లు పెట్టి, ఎరువేసి, మందు కొట్టి, తీరా చూస్తే పులుపు కాయో, పిప్పి కాయో వచ్చిందనుకోండి. పోయింది మొక్క ఖరీదు కాదు, నాలుగైదేండ్ల నీళ్లు, నాలుగైదేండ్ల కష్టం. మన ప్రాంతంలో నీళ్లకున్న విలువ మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

చీనీలో అసలు మోసం కంటికి కనపడదు. పైన ఉండేది సాత్‌గుడి కన్ను, కింద ఉండేది వేరే మొక్క. పాతకాలం నుంచి జంబేరి మీద కట్టేవాళ్లు. జంబేరికి ఎండు వేరుకుళ్లు బెడద ఎక్కువ. రంగపూర్ నిమ్మ వేరు నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, ట్రిస్టెజా వైరస్‌ను కూడా తట్టుకుంటుంది. అందుకే మన శాస్త్రవేత్తలు సాత్‌గుడికి రంగపూర్ వేరునే సిఫారసు చేస్తారు. కానీ కవర్లో ఉన్న అంటు మొక్కను చూసి కింద ఉండేది జంబేరియా, రంగపూరా అని చెప్పడం అనుభవం ఉన్నోళ్లకే కష్టం. ఫోటోలో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. నర్సరీ వాని మాట మీదే ఆధారపడాల. ఆ మాట నోటితో చెప్తే గాలికి పోతుంది, బిల్లు మీద రాస్తే నిలుస్తుంది.

రెండో సంగతి తెగులు. గ్రీనింగ్, ట్రిస్టెజా లాంటివి తెగులున్న చెట్టు నుంచి తీసిన కన్నుతోనే వస్తాయి. బంక తెగులు తెచ్చే శిలీంధ్రం, నులిపురుగులు కవర్లోని మట్టితో వస్తాయి. అంటే చెడ్డ మొక్క తాను చెడేది కాక, పక్కనున్న మన పాత తోటకు కూడా జబ్బు అంటిస్తుంది. తల్లి చెట్లను చూపించమని అడగడం అనుమానం కాదు, జాగ్రత్త.

అరటి వేసేవాళ్లకూ ఇదే మాట. జీ-9 టిష్యూ కల్చర్ మొక్కల్లో వైరస్ ఉంటే చిన్నప్పుడు తెలియదు. టిష్యూ కల్చర్ మొక్కలకు వైరస్ పరీక్ష చేసి ధ్రువీకరించే పద్ధతి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లోనే పెట్టింది. "మీ బ్యాచ్‌కు ఆ సర్టిఫికెట్ ఉందా?" అని అడగండి. ఉన్నోడు పంపుతాడు, లేనోడు మాట మారుస్తాడు.

ఇంక లైసెన్సు. 2010లో చేసిన ఉద్యాన నర్సరీల చట్టం ప్రకారం మన రాష్ట్రంలో పండ్ల నర్సరీ నడిపేవాళ్లు ఉద్యానశాఖ దగ్గర రిజిస్టర్ కావాల. ఆ నంబరు అడిగి, మన రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకునికి చూపిస్తే సరైనదో కాదో విచారించి చెప్తారు. జాతీయ ఉద్యాన బోర్డు గుర్తింపు కూడా ఉంటే ఇంకా మంచిది. అయితే ఒక్కటి గుర్తు పెట్టుకోండి: లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రతి మొక్కా మంచిదని కాదు. అదొక మెట్టు మాత్రమే.

అట్లని పార్శిల్ మొక్కలన్నీ మోసమని నేను అనను. ఇంటి ముందర మల్లె, గులాబీ, పెరట్లో కరివేపాకు, ఒక దానిమ్మ, ఒక జామ కావాలంటే కడియం నుంచో, ఇంకో చోటి నుంచో నిరభ్యంతరంగా తెప్పించుకోండి. పోతే ఒక మొక్క పోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం వద్దు, దారిలోనే వాడిపోతాయి. వచ్చిన రోజు పార్శిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. నాలుగు రోజులు నీడన పెట్టి, తర్వాత నాటండి. ఎకరాలకెకరాలు పెట్టే తోట సంగతి మాత్రం అది కాదు. తోటకు మొక్క కావాలంటే కాళ్లు అరిగినా సరే పోయి చూడాల.

"పోయి చూడటానికి టైమేది, బాడుగ ఎవడిస్తాడు?" అంటారు కొందరు. ఆ మాటా నిజమే. ఒక్కనికి భారమే. కానీ ఊర్లో ఐదారుగురు కలిస్తే ఒక బండి మాట్లాడుకొని రైల్వే కోడూరు పోయి, నాలుగు నర్సరీలు తిరిగి, తల్లి చెట్లు చూసి సాయంత్రానికి రావచ్చు. అంటు కట్టిన చోటు మట్టికి దాదాపు జానెడు ఎత్తులో ఉందా, ఒకటి రెండు కవర్లు చింపి చూస్తే వేరు చుట్టలు చుట్టుకుందా, ఆకు పచ్చగా ఉందా, ఇవన్నీ కంటితో చూడొచ్చు. పది మంది ఒక్కసారిగా అడిగితే నర్సరీ వాడు బిల్లు మీద రాయడానికి కూడా వెనకాడడు. ఒక్కడు అడిగితే "ఇష్టముంటే కొను, లేకుంటే పో" అంటాడు. నాలుగైదేండ్ల కష్టం ముందర ఒక్క రోజు బాడుగ లెక్కలోకి రాదు.

బిల్లు గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని తేల్చి చెప్పింది. ఆ కేసు వేసింది మన ఆంధ్ర రైతులే. పరీక్ష కోసం రైతు విత్తనం దాచి పెట్టుకోవాలని ఆశించలేమని కూడా కోర్టు అనింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నర్సరీ ఏ ఊర్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే, అంటే కడపలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకైతే ఫీజు కూడా లేదు. రెండేండ్ల గడువు ఉంటుంది కాబట్టి తేడా కనపడిన వెంటనే కదలాల. కానీ చేతిలో బిల్లు లేకుంటే ఏ కమిషన్ ముందరికి ఏం పట్టుకొని పోతాం? వాట్సాప్‌లో "మంచి మొక్క అన్నా" అన్న వాయిస్ మెసేజ్ పట్టుకొని పోతామా?

ఈ ఏడు తోట పెట్టాలనుకునే వాళ్లు అడ్వాన్స్ వేసే ముందర ఒక్క ఫోన్ చేయండి. "రకం, వేరు, తల్లి చెట్టు, మూడూ బిల్లు మీద రాసిస్తావా సామీ?" అని అడగండి. రాస్తానంటే అప్పుడు రేటు మాట్లాడండి. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. రాసిచ్చిన నర్సరీల బిల్లులు మీ దగ్గర ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి, పది మందికి పనికొస్తుంది.