ప్రభువా? ప్రభుత్వమా?

మన భాషలో ఒక చిత్రం ఉంది. క్రీస్తును "ప్రభువు" అంటాం. సచివాలయంలో ఉండేదాన్ని "ప్రభుత్వం" అంటాం. రెండూ ఒకే మాటలోంచి వచ్చినవి. మొదటిదాన్ని నమ్మినవాడు రెండోదాని ముందు ఎలా నిలబడాలన్నదే నా ప్రశ్న.

హాస్టల్లో ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఓ మిత్రుడు, "ఆయన రాజ్యం పరలోకంలోది గదా, మనకెందుకురా ఈ గొడవ" అని దుప్పటి ముసుగేస్తాడు. పిలాతు ఎదుట యేసు చెప్పిన మాటకు ఇంత సుఖమైన అర్థం నాకు మింగుడుపడదు. ఆయన రాజ్యానికి ఈ లోకంతో పని లేదని కాదు. సేనలతో, సుంకాలతో, భయంతో నిలిచేది కాదని దాని భావం. సిలువపై "రాజు" అని మూడు భాషల్లో రాయించిన పిలాతు, మార్చమంటే మార్చలేదు. వెటకారానికే రాయించి ఉండవచ్చు. రాసింది మాత్రం నిజమే.

ఇది వట్టి వేదాంతం కాదు. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం అక్కడి సంఘాన్ని నాజీ రాజ్యానికి తోకగా కట్టబోయింది. 1934 మే నెలాఖరున బార్మెన్‌లో 139 మంది ప్రతినిధులు కూడి ఆరు సూత్రాలు ప్రకటించారు. వాటిని చాలావరకు రాసినవాడు బాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కార్ల్ బార్త్. మనిషి జీవితంలో క్రీస్తుకు గాక మరో ప్రభువుకు రాసివ్వదగిన భాగం ఏదీ లేదన్నారు. అలాగని రాజ్యాన్ని కొట్టిపారేయలేదు. న్యాయం, శాంతి కాపాడే పని దానిదేనన్నారు. హద్దు మాత్రం గీశారు.

ఆ ఏడే ప్రభుత్వోద్యోగులంతా హిట్లర్ పేర ప్రమాణం చేయాలని ఆజ్ఞ. "క్రైస్తవుడిగా నా బాధ్యత ఒప్పుకున్నంతవరకే" అన్న షరతు కలుపుతానన్నాడు బార్త్. ఎంత చిన్న షరతు! 1935లో ఉద్యోగం పోయింది. స్వదేశమైన స్విట్జర్లాండ్ చేరుకున్నాడు.

అయినా బార్మెన్‌ను పటం కట్టి దండ వేయడం నాకిష్టం లేదు. ఆ ఆరు సూత్రాల్లో యూదుల ఊసే లేదు. తన స్వేచ్ఛ కోసం గొంతెత్తిన సంఘం పక్కింటివాడి ప్రాణం మాట ఎత్తలేదు. అది తన దోషమేనని 1967లో బార్తే ఒప్పుకున్నాడు.

ఇదంతా చెబితే మా మిత్రుడు, "మనకిక్కడ హిట్లర్ లేడుగా" అన్నాడు. నిజమే. కాని ఒక మట్టలాదివారం మా ఊళ్ళో గాడిదనెక్కి వచ్చిన రాజును పాడుకుంటూ వీధులన్నీ తిరిగి చర్చికి వచ్చాం. ముందువరుసలో దిండు వేసిన కుర్చీ ఒకటి, ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి కోసం ఖాళీగా ఉంచారు. ఆయన వచ్చేదాకా ఆరాధన మొదలుపెట్టలేదు.

ఆ కుర్చీ మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.