కలరా ఉండల పెట్టె

ఎండను తిట్టుకున్నాం, చెదలను తిట్టుకున్నాం. నిజానికి ఆ పెట్టెలోవి పాడుచేసింది ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్‌లో ఉన్న మా నాలుగు తెలుగు కుటుంబాలమే. అందులో నేనూ ఉన్నాను.

ఈ ఊరి పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది రాగిరేకుల వల్ల. శరభపురీయ రాజు జయరాజు శాసనం, భీమసేనుడి శాసనం ఇక్కడ దొరికినవే. పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల నాటి ఆ అక్షరాలను ఇవాళా చదవొచ్చు. మా పెద్దవాళ్ల అక్షరాలు మాత్రం మా చేతుల్లోనే పొడైపోయాయి.

పాత ఉగాదుల నెగటివ్‌లు, చందాల రిజిస్టర్లు ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. భద్రమని పాలిథిన్‌లో బిగించి, రేకుల కప్పు కింద అటకెక్కించాం. ఎప్పుడు మూత తీసినా ముక్కు మండే పులుపు. ‘పాత వాసనలే’ అనుకుని, నాలుగు కలరా ఉండలు పడేసి మూసేవాళ్లం. ఏటా అదే తంతు.

అది వెనిగర్ వాసన. ఆ నెగటివ్‌లు సెల్యులోజ్ ఎసిటేట్‌వి. వేడికీ తేమకీ అందులోంచి ఎసిటిక్ ఆమ్లం ఊడివస్తుంది. వచ్చిన ఆమ్లం ఊరుకోదు, మిగతాదాన్ని ఇంకా వేగంగా ఊడదీస్తుంది, సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. గాలాడితే కొంతైనా బయటికి పోయేది. మేం కట్టింది పాలిథిన్ కదా! 21 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో ఉంచితే కొత్త ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికే దశాబ్దాలు పడుతుందంటారు. మే నెలలో మా అటక మీద చెయ్యి పెట్టలేం.

పోయిన వేసవిలో ఒక నెగటివ్‌ను వెలుతురుకు పట్టాను. అంచులు ముడుచుకున్నాయి, బొమ్మ ఉన్న పొర కాలువలు కాలువలుగా లేచింది. పీటల మీద కూర్చున్న ఆవిడ ఎవరో తెలియలేదు. రిజిస్టరు పేజీ తిప్పితే అప్పడంలా విరిగింది. పటిక కలిపి చేసిన చవక కాగితం, దాని ఆమ్లమే దాన్ని తినేసింది.

‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921), ‘భక్త ప్రహ్లాద’ (1932) సినిమాలు మిగల్లేదంటే, నైట్రేట్ ఫిల్ము కాలిపోయే రకం కదా అని తెలుగువాళ్లం సర్దిచెప్పుకుంటాం. తర్వాత వచ్చిన ఎసిటేట్‌కు సేఫ్టీ ఫిల్మని పేరు. నిప్పు నుంచి సేఫ్టీ, మా నుంచి కాదు.

ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు ‘వీటిని కాపీలు తీయిద్దాం’ అనేవారు. పులిహోర వచ్చేది, మాట మారిపోయేది. ఈసారీ స్కాన్ చేయిద్దామనే అనుకున్నాం. పెట్టెను వరండాలో తెరిచి ఉంచాం. రాత్రి వాసన పడక, మూత మళ్లీ వేసింది నేనే.