ఆస్కార్ కావాలి, అలీ వద్దా?

2017 ఫిబ్రవరి 27, సోమవారం. నాష్తా చేస్తూ ఫోన్ తీస్తే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూప్ నిండా ముబారక్‌లు. 'ఆస్కార్ గెలిచిన తొలి ముస్లిం నటుడు, మాషాఅల్లాహ్.' సినిమా హరామ్ అని ఇంట్లో టీవీ కూడా పెట్టనివ్వని మా మామూ కూడా ఆ ఫోటో పంపాడు. నల్లటి సూటు, చేతిలో బంగారు బొమ్మ, పేరు మహర్షాలా అలీ. అప్పటికి నెల రోజుల నుంచి ట్రంప్ నిషేధం గొడవ నడుస్తోంది. ఏడు ముస్లిం దేశాల వాళ్ళు అమెరికాలో అడుగుపెట్టొద్దని జనవరి 27న సంతకం పెట్టాడు. ఆ గాయం మీద ఈ ఖబర్ మరహం లాగా అనిపించింది. నేనూ ముబారక్ అన్నాను.

మగ్రిబ్ అయ్యేసరికి గాలి మారింది. ఎవరో తహ్కీక్ చేసి పెట్టారు. 'వాడు ముస్లిం కాదు, ఖాదియానీ. తెలీకుండా పంపకండి.' అంతే. 'మాఫ్ కర్నా, తెలీక పంపాను' అని ఒకరు, 'తౌబా తౌబా' అని ఒకరు. పొద్దున ముబారక్ చెప్పిన మామూ మూడు సార్లు అస్తగ్‌ఫిరుల్లాహ్ రాశాడు. నేనేం రాయలేదు. ఆ రోజు నోరు మూసుకున్నందుకు నాకిప్పటికీ సిగ్గే. ఇవాళ ఇది రాయడం ఆ ఖామోషీకి కఫ్ఫారా అనుకోండి.

మా గ్రూప్ ఒక్కటే కాదు. ఐక్యరాజ్య సమితిలో పాకిస్తాన్ రాయబారిగా ఉన్న మలీహా లోధీ కూడా ట్విట్టర్‌లో ముబారక్ చెప్పి, ఆ తర్వాత తీసేశారు. ఎందుకో పాకిస్తాన్ రాజ్యాంగం చదివిన వాళ్ళకి తెలుసు. 1974 సెప్టెంబర్‌లో చేసిన రెండో సవరణ అహ్మదీలు ముస్లింలు కారని తేల్చేసింది. మహర్షాలా పుట్టింది కూడా 1974లోనే, ఫిబ్రవరి 16న, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో. క్రైస్తవ ఇంట్లో ఇంకా ఒళ్ళో ఉన్న ఆ పిల్లోడు ఒకరోజు పోయి చేరబోయే జమాత్‌కి, వాడికి ఏడు నెలలు నిండకముందే ఇంకో ఖండంలోని పార్లమెంటు తలుపు వేసేసింది.

అసలు ఈ మనిషెవరో ముందు తెలుసుకుందాం. గవాహీ వినకుండా తీర్పు చెప్పే అలవాటు మనకి చాలా ఎక్కువైంది.

పుట్టినప్పుడు పెట్టిన పేరు మహర్షలాల్‌హాష్‌బాజ్ గిల్మోర్. బైబిల్‌లో యెషయా ప్రవక్త కొడుకు పేరది. ఓక్లాండ్ పక్కనే ఉన్న హేవర్డ్‌లో పెరిగాడు. తల్లి బాప్టిస్ట్ చర్చిలో దీక్ష పొందిన పాస్టర్. తండ్రి డాన్సర్. 'సోల్ ట్రెయిన్' టీవీ షోలో ఆడాడు, తర్వాత బ్రాడ్‌వే వేదికల కోసం న్యూయార్క్ వెళ్ళిపోయాడు. అప్పటికి పిల్లోడికి మూడేళ్ళు. తల్లి దగ్గర చర్చి, సెలవుల్లో తండ్రి దగ్గర నాటకశాల, ఈ రెండింటి మధ్యా పెరిగాడు.

సెయింట్ మేరీస్ కాలేజీలో సీటు బాస్కెట్‌బాల్ మీద వచ్చింది, స్కాలర్‌షిప్ కూడా ఆట మీదే. 1996లో మాస్ కమ్యూనికేషన్‌లో డిగ్రీ పూర్తి చేశాడు. ఆ కాలేజీలోనే 'స్పంక్' అనే నాటకంలో వేషం వేశాడు. ఆటగాడి దారి అక్కడే మళ్ళింది. తర్వాత కాలిఫోర్నియా షేక్‌స్పియర్ థియేటర్‌లో శాగిర్దీ చేశాడు. 'గావిన్ రిపోర్ట్' అనే సంగీత పత్రికలో ఉద్యోగం చేశాడు. ఆనక న్యూయార్క్ యూనివర్సిటీలో నటనలో మాస్టర్స్ చేసి 2000లో బయటికొచ్చాడు.

కలిమా చదివింది ఆ రోజుల్లోనే. తర్వాత తన భార్య అయిన అమ్మాయి వాళ్ళ అమ్మతో కలిసి మస్జిద్‌కి పోయాడు. అక్కడ చదివిన అరబ్బీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళలో నీళ్ళు ఆగలేదని తనే చెప్పుకున్నాడు. గిల్మోర్ పోయి అలీ వచ్చింది. చేరింది అహ్మదీ జమాత్‌లో.

ఇక కాలం చూడండి. పేరు పక్కన అలీ చేరిన ఏడాదికో రెండేళ్ళకో సెప్టెంబర్ 11 వచ్చింది. అమెరికాలో ఆ పేరు పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో ఎయిర్‌పోర్టుల్లో తెలిసొచ్చింది. తన పేరు అనుమానితుల జాబితాలో ఉందని తర్వాత తెలిసిందని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఇందులో తమాషా ఏంటంటే, 2003లో 'థ్రెట్ మేట్రిక్స్' అనే టీవీ సీరియల్‌లో అతని పాత్ర టెర్రరిస్టులని పట్టుకునే ఏజెంటు. తెర మీద దేశాన్ని కాపాడతాడు, తెర దిగి విమానం ఎక్కబోతే దేశం అతన్ని ఆపుతుంది. వాపసు పోయి గిల్మోర్ అని రాసుకుంటే ఎంత ఆరామ్! రాసుకోలేదు.

ఆ పైన పదిహేనేళ్ళు చిన్నా చితకా వేషాలే. 'ది 4400' సీరియల్‌లో రిచర్డ్ టైలర్, 2008లో 'ది క్యూరియస్ కేస్ ఆఫ్ బెంజమిన్ బటన్'లో టిజీ, ఆ తర్వాత 'హౌస్ ఆఫ్ కార్డ్స్'లో రెమీ డాంటన్. పేరు మరీ పొడుగైందని 'ది ప్లేస్ బియాండ్ ద పైన్స్' సమయంలో ముందు భాగం కత్తిరించి మహర్షాలా చేసుకున్నాడు. గమనించండి, బైబిల్ పేరు కురచ చేసుకున్నాడు గానీ అలీని ముట్టుకోలేదు.

ఆస్కార్ తెచ్చిన సినిమా 'మూన్‌లైట్'. అందులో అతను మయామీలో డ్రగ్స్ అమ్మే హువాన్. సినిమా మూడు భాగాలైతే అతను కనిపించేది మొదటి భాగంలోనే. తోటి పిల్లలు తరుముతుంటే దాక్కున్న ఒక పిల్లోడిని చేరదీస్తాడు, అన్నం పెడతాడు, సముద్రంలో ఈత నేర్పుతాడు. ఆ పిల్లోడి తల్లికి విషం అమ్మేది కూడా తన మనుషులే అని తెలిసి తల దించుకుంటాడు. మిగతా రెండు భాగాల్లో లేకపోయినా సినిమా అయిపోయేదాకా మనం అతన్నే వెతుక్కుంటాం.

ఆస్కార్‌కి నెల ముందు, ట్రంప్ సంతకం పెట్టిన రెండో రోజు, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డు అందుకుంటూ ఏం మాట్లాడాడో గుర్తు తెచ్చుకోండి. మా అమ్మ పాస్టర్, నేను ముస్లింని, పదిహేడేళ్ళ కింద ఫోన్ చేసి చెప్తే ఆమె సంతోషంతో గంతులేమీ వేయలేదు, కానీ ఇద్దరం ఆ ఫరక్ పక్కన పెట్టాం, నేను ఆమెని చూడగలుగుతున్నాను, ఆమె నన్ను చూడగలుగుతోంది, ముహబ్బత్ పెరిగింది. ఇదీ దాని సారాంశం. అంతమంది చూస్తుండగా, ముస్లిం అనే మాట నేరం పేరులా వినపడుతున్న వారంలో, నేను ముస్లింని అని నిలబడి చెప్పాడు. మనలో ఎంతమంది ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర అంత సాఫ్‌గా చెప్తాం?

చర్చిలో వాక్యం చెప్పే తల్లికి, తన చర్చి వదిలేసిన కొడుకుని కొడుకుగా చూడ్డానికి దిల్ సరిపోయింది. మనకి ఒక వాట్సాప్ ముబారక్‌ని సాయంత్రందాకా ఉంచే దిల్ లేకపోయింది.

నా మీద ఇల్జామ్ వేసే ముందు వినండి. నేను అహ్మదీని కాను. ఖత్మె నబువ్వత్ నా అఖీదా. హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం తర్వాత ఎవరి నబువ్వత్ దావానీ నేను ఒప్పుకోను, మీర్జా గులాం అహ్మద్ దావానీ ఒప్పుకోను. ఈ విషయం మీద ఏ అహ్మదీ దోస్త్‌తోనైనా తెల్లారేదాకా బహస్ చేస్తాను. అఖీదాలో తేడా ఉంటే తేడా ఉందని చెప్పే హక్ ఉలమాకి ఉంది, నాకూ ఉంది. కానీ బహస్ చేయడం వేరు, ఇంకొకరి ఈమాన్‌కి ముద్ర వేసే దఫ్తర్ తెరవడం వేరు.

దీన్‌కి హద్దులుండొద్దా అని అడుగుతారు. ఉండాలి. ఆ హద్దు దగ్గర కాపలా ఎవరు కాయాలన్నదే నా సవాల్. జంగ్‌లో కలిమా చదివిన మనిషిని, భయపడి చదివాడనుకుని చంపేసిన ఉసామా బిన్ జైద్ వాకియా మనమంతా జుమా ఖుత్బాల్లో విన్నదే. వాడి గుండె చీల్చి చూశావా అని రసూలుల్లాహ్ నిలదీశారు. సహాబీకి ఇవ్వని ఇజాజత్ పార్లమెంటు మెంబర్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది? వక్ఫ్ బోర్డుకి ఎవరిచ్చారు?

అవును, వక్ఫ్ బోర్డు. ఇది పాకిస్తాన్ గొడవ, మనకెందుకు అనుకునే వాళ్ళ కోసం చెప్తున్నా. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు అహ్మదీలు ముస్లింలు కారని తీర్మానం చేసింది. హైకోర్టు దాన్ని నిలిపివేసింది. 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ బోర్డు మళ్ళీ అదే పాట పాడింది. ఆ జులైలో కేంద్ర మైనారిటీ శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి లేఖ రాసి, ఇది ద్వేష ప్రచారం అంది, ఇలా తేల్చే అధికారం బోర్డుకి లేదంది. జమియత్ ఉలమా-ఎ-హింద్ బోర్డు వైపు నిలబడింది.

ఇందులో మనం ఏం పోగొట్టుకున్నామో చూశారా? వక్ఫ్ బోర్డు పని ఖబరస్తాన్ జమీన్ కబ్జా కాకుండా చూడటం, మస్జిద్ మడిగల కిరాయి లెక్క చూడటం, బేవాలకి యతీములకి దక్కాల్సింది దక్కేట్టు చూడటం. ఆ పని సరిగ్గా జరుగుతోందని మీ ఊళ్ళో ఎవరైనా అంటారా? జమీన్ హిసాబ్ తేల్చలేని వాళ్ళు ఈమాన్ హిసాబ్ తేలుస్తామని కూర్చున్నారు. పైగా, ముస్లింలకి ఇన్సాఫ్ నేర్పే మౌకా ఢిల్లీలో ఎవరి చేతికిచ్చాం? మన మజ్‌హబీ ఆజాదీ గురించి రేపు కోర్టుకి పోతే, మీరు మీలోని చిన్న జమాత్‌కి ఇచ్చారా ఆ ఆజాదీ అని అడిగితే జవాబు ఉందా?

ఈ దేశంలో ఈ సవాల్‌కి జవాబు ఎప్పుడో వచ్చింది. 1970లో కేరళ హైకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అహ్మదీలు ముస్లింలే అని తీర్పిచ్చారు. జవాబు ఇంకోలా ఇచ్చుకున్న పాకిస్తాన్ ఎక్కడికి పోయిందో కూడా చూశాం. ఫిజిక్స్‌లో నోబెల్ తెచ్చిన అబ్దుస్సలాం సమాధి రాయి మీద తొలి ముస్లిం నోబెల్ విజేత అని చెక్కి ఉంటే, అందులో ముస్లిం అన్న మాట చెరిపేశారు. చచ్చిపోయిన మనిషి రాయి మీది మాటకి కూడా భయపడింది ఆ ముల్క్. 2010 మే 28న లాహోర్‌లో జుమా నమాజ్‌కి పోయిన అహ్మదీల మీద రెండు మస్జిదుల్లో దాడి చేసి ఎనభై మందికి పైగా చంపారు. రాజ్యాంగంలో ఒక వాక్యంతో మొదలైంది జనాజాల దాకా వచ్చింది. ఆ చట్టం ఆ తర్వాత అహ్మదీల దగ్గర ఆగలేదు. షియా ఇమాంబాడాల మీద, దర్గాల మీద బాంబులు పడ్డాయి. కాఫిర్ అనే ముద్ర ఒకసారి తయారు చేసి పెట్టాక అది ఎవరి నుదుటి కోసమైనా పనికొస్తుంది. దూదేకుల వాళ్ళని, పీర్లెత్తే వాళ్ళని, దర్గాకి పోయే మా అమ్మీని కూడా సగం ముస్లింలంటూ వెక్కిరించే నోళ్ళు మన ఊళ్ళల్లో లేవా? ఆ నోళ్ళకి రేపు ఒక తీర్మానం కాగితం దొరికితే?

హాలీవుడ్ జుల్మ్ గురించి మనం బాగా మాట్లాడతాం. జాక్ షహీన్ అనే పెద్దాయన తొమ్మిది వందలకి పైగా హాలీవుడ్ సినిమాలు చూసి, అరబ్బులని ఎంత నీచంగా చూపించారో ఒక కితాబ్‌లో లెక్క రాశాడు. ఆ లెక్క మనం తరచూ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ముస్లిం అంటే టెర్రరిస్టు అని వాళ్ళు ఒక్క ముఖం గీస్తే, ముస్లిం అంటే నాలాంటోడే అని మనమూ ఒక్క ముఖమే గీస్తున్నాం. ఎయిర్‌పోర్టులో ఆపిన పోలీసు మహర్షాలాని నువ్వు ఏ జమాత్ అని అడగలేదు. అలీ అన్న పేరు చూశాడు, పక్కకి రమ్మన్నాడు. తకలీఫ్ వచ్చినప్పుడు అతను ముస్లిం. ఇజ్జత్ వచ్చినప్పుడు మాత్రం కాదు. ఇదేం ఇన్సాఫ్ భాయ్?

2019లో 'గ్రీన్ బుక్'కి అతను రెండో ఆస్కార్ తీసుకున్నాడు. మా గ్రూప్‌లో ఎవరూ ఏమీ అనలేదు. ముబారక్ లేదు, తౌబా లేదు. నేనే ఫోటో పెట్టి, 'మహర్షాలా అలీకి ముబారక్' అని రాశాను. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మామూ విడిగా ఫోన్ చేశాడు. 'బేటా, నీ ఈమాన్ జాగ్రత్త' అన్నాడు. 'జీ మామూ, నాది నేను చూసుకుంటున్నాను. అతనిది అల్లాహ్ చూసుకుంటాడు' అన్నాను.

ఆ ఫోటో నేను తీయలేదు. ఇప్పటికీ ఆ గ్రూప్‌లోనే ఉంది.