చీకటి తెర వెనుక

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో పాతసామాన్ల బండి ఎక్కే టీవీలన్నీ పూర్తిగా చెడినవి కావు. ఎల్‌ఈడీ టీవీ తెర వెనుక చిన్న దీపాలు వరుసలుగా కూర్చి ఉంటాయి. ఒకటి మాడితే ఆ వరుసంతా ఆరిపోవచ్చు. మాట వినిపిస్తూ, టార్చిలైటు వేసినప్పుడు బొమ్మ లీలగా కనిపిస్తే, చెడినది తెర కాదు, దాని వెనుక వెలుగు. అసలు పనిచేయని టీవీలోనైతే పవర్ బోర్డుపై తల ఉబ్బిన కెపాసిటరే తరచు దోషి. ఇటువంటి విడిభాగాలకు మెట్రోలో కోఠి దాకా వెళ్తే చాలు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక, మూత విప్పడం మాత్రం పని నేర్చినవారికే తగును.

2022లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అయినా చిన్న భాగం చెడితే బోర్డు మొత్తం మార్చమనే ధోరణి పోలేదు. ఒకప్పుడు కొన్ని టీవీలతో సర్క్యూట్ పటం వచ్చేది. దానిని మళ్లీ ప్రతి టీవీతోనూ ఇవ్వాలి.