జేబు చిన్న విషయమా?

“ఫ్యాషన్ గురించి మన పత్రికలో ఎందుకు?” అంది ఒక మిత్రురాలు. నేనూ ఒకటడిగాను: “నీ బస్సు డబ్బులు ఎక్కడ పెట్టుకుంటావు?” ఆమె చెయ్యి జాకెట్టు దగ్గరికి వెళ్లింది.

అమెరికన్ డిజైనర్ క్లెయిర్ మెకార్డెల్ (1905–1958) స్త్రీల గౌన్లకు జేబులు పెట్టింది. సాగే ఉన్ని జెర్సీతో, శ్రామికుల డెనిమ్‌తో, నడవడానికీ వంగడానికీ సైకిల్ తొక్కడానికీ వీలైన రెడీమేడ్ బట్టలు రూపొందించింది. 1947లో పారిస్‌లో డియోర్ స్త్రీల నడుముని మళ్లీ బిగించినా ఆమె ఆ దారి పట్టలేదు.

అయినా చప్పట్లు కొట్టి ఊరుకోలేను. 1942లో 6.95 డాలర్లకు అమ్మిన ఆమె ‘పాపోవర్’ గౌనుకు పెద్ద జేబు ఉంది. దానితోపాటు వేడి గిన్నెలు పట్టుకునే చేతి తొడుగూ ఉంది! పనిమనుషులు యుద్ధ కర్మాగారాలకు వెళ్లిపోతే ఇంటిపని అంతా ఇల్లాలి మీదే ఎందుకు పడాలి? మగవాడి కోటుకు ఆ తొడుగు ఎవరూ కుట్టలేదేం?

అందుకే అంటున్నాను. దర్జీని జేబు అడుగుదాం. ఆ జేబులోకి మన సంపాదన మన చేతుల మీదుగా రావాలని ఇంట్లో అడుగుదాం. చేతి తొడుగు మాత్రం వంతులవారీగా తొడుక్కోవాలని గట్టిగా చెబుదాం.